ఎల్క్ వేటకు ఏ ఫ్రేమ్ ప్యాక్ కొనాలి? తిరుగు ప్రయాణం చూసి కొను

ప్రశ్న: "అన్నా, నేను డెన్వర్‌లో ఉంటాను. ఈ అక్టోబర్ మొదటి రైఫిల్ సీజన్‌కి డ్రాలో ఎల్క్ ట్యాగ్ (ఎల్క్ అనే పెద్ద జింకని వేటాడే పర్మిట్) వచ్చింది. నేనూ నా ఫ్రెండూ కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండల వైపు 5 రోజులు క్యాంప్ వేద్దామనుకుంటున్నాం. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 68 కిలోలు. 65 లీటర్ల ట్రెకింగ్ బ్యాగ్ ఒకటి ఉంది. అది సరిపోతుందా? కొత్తది కొనాలంటే 500 డాలర్లు దాటకూడదు. ఏది కొనాలి, ఎన్ని లీటర్లది?"

తమ్ముడూ, ముందు సూటిగా చెప్తాను. ఆ 65 లీటర్ల బ్యాగ్ వేసుకుని నువ్వు లోపలికి ఇబ్బంది లేకుండా వెళ్లిపోతావు. ఎల్క్ పడ్డాక మాత్రం దానితో బయటికి రావడం చాలా కష్టం. మామూలు ట్రెకింగ్ బ్యాగ్ 15, 18 కిలోల కోసం తయారైన వస్తువు. రోజురోజుకీ తిండి అయిపోయి బరువు తగ్గుతుందన్న లెక్క మీద దాన్ని కుడతారు. వేటలో ఆ లెక్క తిరగబడుతుంది. నాలుగు రోజులు తేలిగ్గా తిరిగి, ఒంట్లో ఓపిక అయిపోయిన అయిదో రోజున అన్నిటికంటే పెద్ద బరువు ఎత్తుకోవాలి. అందుకే తిరుగు ప్రయాణాన్ని కళ్ల ముందు పెట్టుకుని ప్యాక్ కొనమని ఎవరడిగినా చెప్తాను.

ఎన్ని లీటర్లన్నది నేను ఆఖరున చూసే విషయం. మొదట ఫ్రేమ్, అంటే సంచిని మోసే గట్టి చట్రం, తర్వాత నడుము బెల్ట్, ఆ తర్వాతే సంచి. షాపులో చాలామంది జేబులు, జిప్పులు లెక్కపెట్టి కొంటారు. బరువు మోసేది అవి కావు.

అసలు బరువు ఎంత ఉంటుందో చూద్దాం. ఎల్క్ మన నల్లమలలో తిరిగే కణితికి చుట్టమే కానీ ఇంకా భారీ జంతువు. ఎదిగిన మగది బతికుండగా 300 కిలోల పైనే తూగుతుంది. ఎముకలన్నీ తీసేసినా 85 నుంచి 100 కిలోల మాంసం వస్తుంది. ఆడదైతే 60, 70. మగదాని వెనక తొడ ఎముకతో సహా 27 నుంచి 35 కిలోలు ఉంటుంది. ముందు జబ్బ 18 నుంచి 25. అంటే ఒక్క తొడ మన 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ.

ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. 22 కిలోల మాంసం వేసుకుంటే వీపు మీద ఉండేది 22 కాదు. ప్యాక్ 3 కిలోలు, రైఫిల్ 4, నీళ్లు, చలి బట్టలు, కత్తి, ఫస్ట్ ఎయిడ్ కలిపి ఇంకో 4. మొత్తం 33. నీ ఒంటి బరువులో దాదాపు సగం. అది కూడా 10,000 అడుగుల ఎత్తులో, పడిపోయిన స్ప్రూస్ చెట్లు దాటుకుంటూ, చాలాసార్లు చీకట్లో. నీ ఒంటికి ఒక ట్రిప్పులో 22 కిలోల మాంసం మించొద్దని నా సలహా. 90 కిలోలంటే నాలుగు మోతలు, ఇద్దరికి రెండేసి. జంతువు పడ్డ చోటు నీ బండికి 3 మైళ్లనుకో. బరువుతో 3, ఖాళీగా వెనక్కి 3, మళ్లీ బరువుతో 3, అంటే 9 మైళ్లు. ఆ తర్వాత క్యాంప్ సామాను తెచ్చుకోవడానికి ఇంకో 6. మొత్తం 15 మైళ్లు, 24 కిలోమీటర్లు. నేను బండికి 3 మైళ్లు దాటి వేటాడకపోవడానికి ఈ లెక్కే కారణం. మ్యాప్ దగ్గర కూర్చున్నప్పుడు మీరిద్దరూ ఇదే లెక్క వేసుకోండి.

బండి మీద తెచ్చుకుందామంటే కుదరదు. నువ్వు వెళ్తానన్న వైపు చాలా భాగం వైల్డర్‌నెస్ ఏరియా. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం వల్ల అక్కడ మోటారు బళ్లు నడవవు, మాంసం లాగడానికి వాడే చేతిబండి, గేమ్ కార్ట్ అంటారు, అదీ తీసుకెళ్లకూడదు. గుర్రాలకి, కంచర గాడిదలకి అనుమతి ఉంది. కానీ గుర్రాలు తెచ్చే, అనుమతి ఉన్న అవుట్‌ఫిటర్‌ని ముందే మాట్లాడుకోవాలి, అది వేరే ఖర్చు. మిగిలింది నీ వీపే. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం కొలరాడోలో నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, ఒక ప్రాణం తీశాక దాని మాంసం నా బద్ధకం వల్లో, నా సంచి చాలకో పాడైందంటే నా మనసు ఒప్పుకోదు. ప్యాక్ విషయంలో నేనింత పట్టుబట్టడానికి అసలు కారణం అది.

నాకు ఇది అనుభవం మీదే తెలిసింది. నా మొదటి వేటకి నేనూ నీలాంటి ట్రెకింగ్ బ్యాగే తీసుకెళ్లాను. కంపెనీ పేరు అనవసరం, ట్రెకింగ్‌కి అది మంచి బ్యాగే. నాలుగో రోజు సాయంత్రం 4 గంటలు దాటాక ఒక ఆడ ఎల్క్ పడింది. బండికి రెండున్నర మైళ్ల దూరం. కోసి, సంచుల్లో వేసేసరికి చీకటి పడింది. వెనక తొడ ఒకటి బ్యాగ్ అడుగున పెట్టి, దాని మీద మిగతా సామాను పెట్టి లేచాను. పది నిమిషాల్లో బ్యాగ్ అడుగు జారి పిర్రల కిందకి దిగింది. బెల్ట్ ఎంత బిగించినా తుంటి మీద నిలవలేదు. బరువంతా భుజాల మీద పడింది. గంట గడిచేసరికి ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. లోపలున్న సన్నటి రాడ్ ఒకటి దాని తొడుగు చించుకుని బయటికొచ్చి వీపులో గుచ్చుకోవడం మొదలుపెట్టింది. బండి దగ్గరికి చేరేసరికి రాత్రి ఒంటిగంట. మర్నాడు ఇంకో రెండు ట్రిప్పులు అలాగే వేశాను. ఎడమ చేతి తిమ్మిరి పోవడానికి మూడు వారాలు పట్టింది. భుజం పట్టీలు మెడ నుంచి చేతిలోకి వచ్చే నరాల్ని నొక్కేయడం వల్ల అలా అవుతుందని డాక్టర్ చెప్పారు. బరువైన సంచులు మోసే సైనికుల్లో ఇది బాగా తెలిసిన బాధేనట. తుపాకీ కోసం, బూట్ల కోసం నెలల తరబడి వెతికాను, ఆ బరువు మోసే వస్తువు గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు.

ఇప్పుడు ఫ్రేమ్ ఏం చేస్తుందో చూద్దాం. నేను గుంటూరులో పెరిగాను. మిర్చి యార్డులో హమాలీలు 40 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తుంటే చిన్నప్పుడు చూస్తూ నిలబడేవాణ్ణి. టిక్కీ వీపుకి అతుక్కుని ఉంటుంది, మనిషి కాస్త ముందుకి వంగుతాడు, బరువు నడుము మీదుగా కాళ్లలోకి దిగుతుంది. అదే టిక్కీ వీపుకి జానెడు దూరంగా వేలాడిందనుకో, ఎంత బలవంతుడైనా వెనక్కి లాగేస్తుంది. మంచి ఫ్రేమ్ చేసేది ఆ హమాలీ పనే. బరువుని వెన్నుకి అంటించి ఉంచాలి, భుజాల మీద పడనీయకుండా తుంటి ఎముకల మీదకి దించాలి. అందుకు అది నిలువునా అస్సలు వంగకూడదు. అడ్డంగా మాత్రం నడకతో పాటు కొద్దిగా మెలితిరగాలి, లేకపోతే అడుగు తీసి అడుగేసినప్పుడల్లా నిన్ను పక్కకి తోస్తుంది.

1920ల్లో ఇక్కడి వేటగాళ్లు, బోను వేసేవాళ్లు వాడిన ట్రాపర్ నెల్సన్ ప్యాక్‌లు చెక్క చట్రం, కాన్వాస్ గుడ్డతో ఉండేవి. బరువు వీపుకి గుచ్చుకోకుండా చూసేవి కానీ మోసేది భుజాలే. 1952లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో డిక్ కెల్టీ అల్యూమినియం గొట్టాలతో ఫ్రేమ్‌లు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. సంచులు ఆయన భార్య నెనా కుట్టేది. ఆ ఫ్రేమ్‌కి నడుము బెల్ట్ జోడించడంతో బరువు మోసే చోటే మారిపోయింది. ఈరోజు నువ్వు 700 డాలర్లు పెట్టి కొనే కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ కూడా ఆ పనినే ఇంకా తేలిగ్గా, చప్పుడు లేకుండా చేస్తుంది, అంతే.

గొట్టాల ఫ్రేమ్ బయటికి కనిపించే పాత రకం ఇప్పటికీ దొరుకుతుంది. ఆల్ప్స్ కంపెనీ కమాండర్ లాంటివి. అడుగున మడత అరుగు ఉంటుంది, తొడ దాని మీద నిలబెట్టి కట్టేయొచ్చు. ధర తక్కువ, బరువు నిజంగానే మోస్తుంది. చెడు ఏంటంటే కీచుమంటుంది, కొమ్మలకి తగులుకుంటుంది, వాలులో అడ్డంగా నడిచేటప్పుడు ఊగుతుంది. స్టోన్ గ్లేసియర్, ఎక్సో, కిఫారు లాంటి కంపెనీలవి కొత్త రకం. ఫ్రేమ్ వీపుని అంటిపెట్టుకునే ఉంటుంది, సంచి మాత్రం దాన్నుంచి విడిపోతుంది. ఫ్రేమ్‌కీ సంచికీ మధ్య ఖాళీలో మాంసం పెట్టి పట్టీలు బిగిస్తారు. దాన్ని లోడ్ షెల్ఫ్ అంటారు. నేను ఇది లేని ప్యాక్ కొనమని ఎవరికీ చెప్పను. అన్నిటికంటే బరువైన వస్తువు వెన్నుకి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. నెత్తురు నీ స్లీపింగ్ బ్యాగ్‌కి అంటదు. సంచిలో చోటు కూడా తగ్గదు కాబట్టి పెద్ద సంచి కొనక్కర్లేదు.

కొలతల దగ్గరికి వద్దాం. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎత్తుని బట్టి ఫ్రేమ్ కొనకూడదు, వెన్ను పొడవుని బట్టి కొనాలి. తల ముందుకి వంచు. మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. రెండు చేతులూ నడుముకి ఇరువైపులా పెట్టి గట్టిగా నొక్కితే తుంటి ఎముక పై అంచు తగులుతుంది. రెండు బొటనవేళ్లని కలుపుతూ వీపు మీద ఒక గీత ఊహించుకో. మెడ ఎముక నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవాలి. ఇది ఒంటరిగా చేసుకోలేవు, ఎవరితోనైనా కొలిపించు. నీ ఎత్తుకి 17, 18 అంగుళాలు రావచ్చు, కానీ ఊహించకు.

ఫ్రేమ్ పై అంచు నీ భుజం కంటే రెండు మూడు అంగుళాలైనా ఎత్తులో ఉండాలి. అక్కడి నుంచి భుజం పట్టీల మీదకి వచ్చే చిన్న పట్టీలు ఉంటాయి, లోడ్ లిఫ్టర్లు అంటారు. అవి భుజం నుంచి పైకి, వెనక్కి దాదాపు 45 డిగ్రీల వాలులో ఉండాలి. అడ్డంగానో, కిందికి వాలుగానో ఉంటే ఫ్రేమ్ నీకు పొట్టిదని అర్థం, బరువు పెరిగిన కొద్దీ భుజాల్ని నొక్కేస్తుంది. వేట ఫ్రేమ్‌లు సాధారణంగా 24, 26 అంగుళాల ఎత్తుల్లో వస్తాయి. నీకు 24 సరిపోతుందని అనుకుంటున్నాను. మరీ ఎత్తుదైతే వంగి చెట్ల కింద నుంచి దూరేటప్పుడు ప్రతి కొమ్మకీ తగులుతుంది.

బెల్ట్ గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదువు. ప్యాంటు సైజు చూసి బెల్ట్ కొనొద్దు. టేపు తుంటి ఎముక పై అంచు మీదుగా చుట్టి కొలవాలి. బెల్ట్ బిగించాక ముందు వైపు రెండు మెత్తల మధ్య కనీసం 8, 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మెత్తలు రెండూ కలుసుకున్నాయంటే ఇక బిగించడానికి చోటు లేదు, బరువు పడగానే జారుతుంది. మనలో సన్నగా ఉండేవాళ్లు మీడియం తీసుకుని ఇలా ఇబ్బంది పడటం చాలాసార్లు చూశాను. అయిదు రోజులు కొండలెక్కితే నడుము ఇంకా తగ్గుతుందని కూడా గుర్తుంచుకో. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే చిన్నది తీసుకో. పిర్రలు పెద్దగా లేనివాళ్లకి బెల్ట్ కిందికి జారకుండా నడుము గుంటలో ఆనే లంబార్ ప్యాడ్ సాయపడుతుంది, అది ఉన్న మోడల్ చూడు. బెల్ట్ మధ్యభాగం తుంటి ఎముక అంచు మీద కూర్చోవాలి. పొట్ట మీద కాదు, తొడల మీద కాదు.

ఇప్పుడు లీటర్లు. ఇక్కడి కంపెనీలు ఘనపు అంగుళాల్లో చెప్తాయి. మోడల్ పేరు చివర 5000, 6900 అని కనిపించే అంకెలు అవే. 1,000 ఘనపు అంగుళాలంటే 16.4 లీటర్లు. అక్టోబర్‌లో ఫ్లాట్ టాప్స్‌లో మంచు పడొచ్చు, స్లీపింగ్ బ్యాగ్ లావుది కావాలి, బట్టలు ఎక్కువ కావాలి. టెంట్, స్టవ్ ఇద్దరూ పంచుకుంటారు కాబట్టి 4,500 నుంచి 5,500 మధ్య, అంటే 75 నుంచి 90 లీటర్లు చాలు. అంతకంటే పెద్దది కొంటే ఖాళీ చూసి సామాను పెరుగుతుంది. ఒకచోట క్యాంప్ వేసి రోజూ అక్కడి నుంచి వేటకి వెళ్తారు కదా, సామాను దించాక ఆ సంచి పట్టీలు లాగి పల్చగా చేసుకోవడం కుదరాలి. అది షాపులోనే చూసుకో.

గుడ్డ గురించి పెద్దగా ఆలోచించకు. 500 డెనియర్ (దారం మందం కొలత) కార్డూరా నైలాన్ చాలు. విల్లుతో వేటాడేవాళ్లు కొమ్మకి రాసుకున్నప్పుడు చప్పుడు చేయని గుడ్డ కావాలంటారు, అందులో న్యాయముంది. నీది రైఫిల్ కాబట్టి దానికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దు. బకిళ్లు మాత్రం చేతికి గ్లోవ్స్ ఉండగా పెట్టి, తీసి చూడు. చలిలో వేళ్లు బిగుసుకుపోయినప్పుడు చిన్న బకిల్ నరకం చూపిస్తుంది.

నీ 500 డాలర్ల సంగతి. నేను చెప్పిన కొత్త రకం ప్యాక్‌లు ఫ్రేమ్, బెల్ట్, సంచి కలిపి కొత్తవి కొంటే 600 నుంచి 800 అవుతాయి. రెండు దారులున్నాయి. ఈ కంపెనీలు ఫ్రేమ్ వేరుగా, సంచి వేరుగా కూడా అమ్ముతాయి. ఫ్రేమ్, బెల్ట్ కొత్తవి కొనుక్కుని, ఈ ఏడాదికి సామాను ఒక గట్టి, నీళ్లు దూరని డ్రై బ్యాగ్‌లో వేసి ఫ్రేమ్‌కి కట్టేసుకోవచ్చు. చూడ్డానికి బాగోదు కానీ బరువు మోసేది ఫ్రేమే కాబట్టి పని జరుగుతుంది. సంచి వచ్చే ఏడాది కొనొచ్చు. రెండోది సెకండ్‌హ్యాండ్. సీజన్ అయిపోయాక, అంటే నవంబర్, డిసెంబర్‌లో చాలామంది అమ్మేస్తారు, కానీ నీకు ముందే కావాలి కాబట్టి ఇప్పటి నుంచే చూడు. మిస్టరీ రాంచ్ అనే ప్యాక్ కంపెనీని 2024లో యెటి కంపెనీ కొనేసింది. దాని పాత వేట ప్యాక్‌లు ఇప్పటికీ చాలా చేతులు మారుతున్నాయి, బరువు ఎక్కువైనా గట్టివి. ఈ రెండూ కుదరకపోతే ఆ గొట్టాల ఫ్రేమ్ కొనుక్కో. 300 లోపే వస్తుంది. క్యాంప్ సామానుకి నీ పాత బ్యాగ్ వాడి, ఖాళీ ఫ్రేమ్ బండిలో ఉంచుకుని, మాంసానికి మాత్రం దాన్ని తెచ్చుకోవచ్చు. ఒక నడక పెరుగుతుంది, ఒళ్లు మిగులుతుంది.

కొన్నాక ఇంట్లో తప్పకుండా పరీక్ష చెయ్యి. ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనా మసూరి బ్యాగులు మూడు తెచ్చుకో, ఎలాగూ ఇంట్లోకి పనికొస్తాయి. మొదట రెండు, తర్వాత మూడు, లోడ్ షెల్ఫ్‌లో కట్టు. ఇసుక కంటే, ఇనుప బరువుల కంటే బియ్యమే మంచి పరీక్ష. ఎముక తీసిన మాంసం లాగే బియ్యం కూడా కిందికి కూరుకుపోతుంది, పట్టీలు దాన్ని పట్టి ఉంచగలవో లేదో అప్పుడే తెలుస్తుంది. మా ఇంట్లో ప్రతి ఆగస్టులోనూ బియ్యం ముందు నా వీపెక్కి, ఆ తర్వాతే డబ్బాలోకి వెళ్తుంది.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యం. పట్టీలన్నీ వదులు చేసి ఎత్తుకో. మొదట బెల్ట్ తుంటి అంచు మీద పెట్టి గట్టిగా బిగించు. తర్వాత భుజం పట్టీలు వీపుకి ఆనేంత వరకే లాగు. ఆ తర్వాత లోడ్ లిఫ్టర్లు. చివర్లో ఛాతీ పట్టీ. ఇప్పుడు భుజం పట్టీ కింద వేళ్లు దూర్చి చూడు, తేలిగ్గా దూరాలి. ఇంట్లోనే, ధర చీటీలు తీయకుండా, అరగంట మెట్లు ఎక్కి దిగు. బెల్ట్ అరంగుళం కంటే ఎక్కువ జారినా, వేళ్లు జివ్వుమన్నా, తుంటి మీద ఒకే చోట మంటపుట్టినా వెనక్కి పంపించేసెయ్, సిగ్గుపడొద్దు. అది బాగుందనిపిస్తే వారానికి రెండు రోజులు డెన్వర్ దగ్గరి రెడ్ రాక్స్ మెట్ల మీదకి తీసుకెళ్లు. ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టు. మోకాళ్లు పాడయ్యేది దిగేటప్పుడే. ట్రెకింగ్ పోల్స్ లేకుండా బరువుతో కొండ దిగొద్దు.

ఇక అడవిలో కట్టే పద్ధతి. మాంసం ఎత్తు నీ రెండు భుజాల ఎముకల మధ్యకి రావాలి. కిందికి ఉంటే వెనక్కి లాగుతుంది, మరీ పైకి ఉంటే పడిన చెట్టు దాటేటప్పుడు తలకిందులు చేస్తుంది. షెల్ఫ్ కింద ఒక మడత పెట్టిన జాకెట్టో, డ్రై బ్యాగో పెడితే మాంసం పైన నిలబడుతుంది. ఎముకతో ఉన్న తొడ బిగుసుకుని ఉంటుంది కాబట్టి కట్టడం తేలిక. ఎముక తీస్తే కొన్ని కిలోలు తగ్గుతాయి కానీ మాంసం ముద్దగా జారుతుంది, అడ్డ పట్టీలు ప్రతి 20 నిమిషాలకీ బిగించుకోవాలి. నీ దూరానికి, నీ ఒంటికి ఎముక తీయడమే మేలు. అప్పుడు ఒకటి మర్చిపోవద్దు. జంతువు మగదో ఆడదో తెలిపే ఆనవాలు ఒక మాంసపు భాగానికి సహజంగా అతుక్కునే ఉండాలని కొలరాడో నియమం. అది కోసేస్తే ఫైన్ పడుతుంది. జింక జాతుల్లో వచ్చే ప్రాణాంతకమైన మెదడు జబ్బు, క్రానిక్ వేస్టింగ్ డిసీజ్, మొదట కనిపించింది కూడా ఈ రాష్ట్రంలోనే, 1967లో. అందుకే వెన్నెముక, తల లాంటి భాగాలు రాష్ట్రం దాటించడం మీద ఆంక్షలుంటాయి. నువ్వు డెన్వర్‌కే తెస్తావు కాబట్టి సమస్య లేదు, మీ ఫ్రెండ్ వేరే రాష్ట్రం వాడైతే ముందే చూసుకోండి.

మాంసాన్ని గాలి ఆడే గుడ్డ సంచుల్లోనే వెయ్యి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే లోపలి వేడి బయటికి పోక పాడవుతుంది. రెండో ట్రిప్పు దాకా ఉండాల్సిన మాంసం పేగులకి దూరంగా, నీడలో, గాలి తగిలేలా చెట్టుకి వేలాడదియ్యి. ఆ కొండల్లో నల్ల ఎలుగులుంటాయి. నెత్తురంటిన ప్యాక్‌ని టెంట్‌లోకి తేవొద్దు. ఇంటికొచ్చాక చన్నీళ్లు, మెత్తటి సబ్బుతో చేత్తో కడుగు. వేడి నీళ్లు పోస్తే మరక గట్టిపడుతుంది, వాషింగ్ మెషిన్‌లో వేస్తే గుడ్డ పూత పోతుంది.

ప్యాక్ వల్లే వచ్చే ఇంకో ప్రమాదం చెప్తాను. రైఫిల్ సీజన్‌లో నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ లేదా పింక్ ఉండాలి, టోపీ కూడా ఆ రంగే. చొక్కా మీద వేసుకున్న ఆరెంజ్ వెస్ట్‌ని పెద్ద ప్యాక్ వెనక నుంచి పూర్తిగా కప్పేస్తుంది. కాబట్టి ప్యాక్ మీద ఆరెంజ్ కవర్ కట్టు. కొమ్ములు వీపున కట్టుకుని వస్తుంటే వాటికి తప్పనిసరిగా ఆరెంజ్ గుడ్డ చుట్టు. చెట్ల మధ్య కదిలే కొమ్ములు చూసి ఇంకొకళ్లు పొరబడితే దానికి వైద్యం లేదు. రైఫిల్‌ని ప్యాక్‌కి కట్టే ముందు చాంబర్ (తూటా ఉండే గది) ఖాళీ అని ఇద్దరూ చూసుకోండి.

నువ్వు హెచ్1బీ మీద ఉన్నావో, గ్రీన్ కార్డో రాయలేదు. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. వీసా అయితే ఆ లైసెన్స్ కాగితం బెల్ట్ జేబులో జిప్ వేసి ఉంచుకో, ప్యాక్ సంచిలో కాదు. సంచి ఒకచోట, నువ్వొకచోట ఉండే సందర్భాలు చాలా వస్తాయి.

సెకండ్‌హ్యాండ్ చూస్తే మూడు చోట్ల వేలు పెట్టి చూడు: బెల్ట్ ఫ్రేమ్‌కి కలిసే కుట్టు, భుజం పట్టీల మొదలు, ఫ్రేమ్ కింది మూలలు. అక్కడ దారం లేచినా, ఫ్రేమ్ మీద సన్న పగులు కనిపించినా వదిలెయ్. సంచికి చిరుగు ఉంటే పర్వాలేదు, కుట్టుకోవచ్చు, దాన్ని చూపించి ధర తగ్గించమని అడుగు. వెన్ను పొడవు, తుంటి అంచు చుట్టుకొలత ఈ వారంలో కొలిపించుకుని ఇక్కడే రాయి, మీ ఫ్రెండ్‌వి కూడా. ఏ ఫ్రేమ్ ఎత్తు, ఏ బెల్ట్ సైజు సరిపోతుందో చూసి చెప్తాను.